తీరరక్షణ పేరుతో కట్టిన తొలి యుద్ధనౌకలు: ఇండియానా, మసాచుసెట్స్, ఒరెగాన్ వెనుక రాజకీయం, డిజైన్

తీరప్రహరి
అందరికీ నమస్కారం. అమెరికా నౌకాదళం 1, 2, 3 నంబర్లు వేసిన యుద్ధనౌకలు ఇండియానా, మసాచుసెట్స్, ఒరెగాన్. అంతకు ముందే మెయిన్, టెక్సాస్ మొదలయ్యాయి గానీ, వాటిని రెండో శ్రేణి కిందే లెక్కేశారు. 1890 జూన్ 30 నాటి చట్టంలో ఈ మూడింటినీ ‘సముద్రంలో తిరగగల తీరరేఖ యుద్ధనౌకలు’ అని రాశారు. ఒక్కో ఓడ మీద 13 అంగుళాల ఫిరంగులు నాలుగు, 8 అంగుళాలవి ఎనిమిది, 6 అంగుళాలవి నాలుగు. పక్కల 18 అంగుళాల మందం ఉక్కు కవచం. ఆ రోజుల్లో ఇంగ్లండ్ దగ్గర కూడా ఇంత సైజు ఓడలో ఇన్ని పెద్ద ఫిరంగులు లేవు.

ఇంత సరంజామా రేవు కాపలాకి ఎందుకు? నాకు మూడు కారణాలు తోస్తున్నాయి. పార్లమెంటు సభ్యుల భయం కావచ్చు, నౌకాదళం వేసిన ఎత్తు కావచ్చు, అప్పటి ఇంజినీరింగ్‌కి అంతే చేతనై ఉండొచ్చు. ఏది ఎంత వరకు నిజమో తెలిసినవాళ్లు చెప్పండి. వివరంగా రాస్తే సంతోషం.

లెక్కల మాస్టారు
కొంచెం వెనక్కి వెళ్లాలి. 1865లో అంతర్యుద్ధం ముగిసేసరికి అమెరికా దగ్గర బోలెడు మానిటర్లు ఉన్నాయి. మానిటర్ అంటే నీటికి ఆనుకుని ఉండే డెక్కు, దాని మీద తిరిగే టరెట్టు, అంటే ఫిరంగులు పెట్టిన ఉక్కు గది. రేవుల్లో బాగా పనికొస్తుంది, నడిసముద్రంలో ప్రాణాంతకం. యుద్ధం అయిపోయాక దేశం పడమటి భూముల వైపు, రైల్వేల వైపు తిరిగింది. నౌకాదళం తుప్పు పట్టింది.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. 1874లో నౌకాదళ మంత్రి రోబెసన్ దగ్గర కొత్త ఓడలకి డబ్బు లేదు, రిపేర్లకి మాత్రం ఉంది. దాంతో ఐదు పాత మానిటర్లను ‘మరమ్మతు’ పేరుతో యార్డులకి పంపారు. పేర్లు పాతవే, ఓడలు మాత్రం పూర్తిగా కొత్తవి. ప్యూరిటన్, ఆంఫిట్రైట్, మొనాడ్‌నాక్, టెర్రర్, మయాంటొనోమో. పాత ఓడలని తుక్కు కింద యార్డులకే ఇచ్చి బిల్లులో కొంత సర్దారు. తర్వాత డబ్బు ఆగింది, విచారణలు జరిగాయి. ఈ ఐదూ పూర్తయ్యేసరికి 1891 నుంచి 1896 దాకా పట్టింది. నౌకాదళం అడిగే ప్రతి డాలర్‌నీ కాంగ్రెస్ అనుమానంగా చూడటానికి ఇదొక బలమైన కారణం.

తర్వాత దక్షిణ అమెరికా నుంచి షాక్. 1883లో బ్రెజిల్ కోసం ఇంగ్లండ్‌లో రియాచువెలో అనే యుద్ధనౌక జలప్రవేశం చేసింది. ఆ ఒక్క ఓడ ఎదురుపడితే అమెరికా దళంలో ఒక్కటీ తిరిగి రేవు చేరదేమోనని ప్రతినిధుల సభ నౌకా కమిటీ అధ్యక్షుడు హిల్లరీ హెర్బర్ట్ బాహాటంగా అన్నాడు. మెయిన్, టెక్సాస్‌లకు 1886లో అనుమతి దొరకడానికి ఆ భయమే దారి వేసింది. అదే సమయంలో యుద్ధమంత్రి ఎండికాట్ బోర్డు తీరం పొడుగునా కోటలు కట్టాలంటూ 12 కోట్ల డాలర్లకు పైగా అంచనా ఇచ్చింది. ఆ మాట ప్రజలకి బాగా ఎక్కింది. శత్రువు మన ఊరి మీదికి వస్తాడు, రేవులో నిలబడి ఆపాలి. ఓటరుకి అర్థమయ్యే రక్షణ అంటే అదే.

1889లో కొత్త అధ్యక్షుడు హారిసన్, కొత్త నౌకాదళ మంత్రి బెంజమిన్ ట్రేసీ వచ్చారు. ట్రేసీ మొదటి వార్షిక నివేదికలోనే అట్లాంటిక్‌లో 12, పసిఫిక్‌లో 8, మొత్తం 20 యుద్ధనౌకలు కావాలన్నాడు. యుద్ధం రక్షణ కోసమే అయినా, పోరాటం మాత్రం శత్రువు మీదికి వెళ్లి చేయాలనేది ఆయన వాదన. 1890 జనవరిలో ఆయన వేసిన పాలసీ బోర్డు ఇంకా పెద్ద లెక్క చెప్పింది. దూరప్రయాణం చేసేవి 10, తక్కువ దూరం తిరిగేవి 25, వాటికి తోడు క్రూయిజర్లు, టార్పీడో పడవలు. మొత్తం 200 దాటింది. ఖర్చు 28 కోట్ల 15 లక్షల డాలర్లు. అంతకు ముందు 15 ఏళ్లలో నౌకాదళం మొత్తం మీద పెట్టిన ఖర్చు దాదాపు ఇంతే!

ఆ నివేదిక బయటికి పొక్కగానే గగ్గోలు పుట్టింది. సామ్రాజ్యం కట్టుకోవడానికా, ఇంగ్లండ్‌తో తలపడటానికా అని పత్రికలు నిలదీశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి మొదట్లో, వాషింగ్టన్‌లో ట్రేసీ ఇంటికి నిప్పంటుకుని భార్య, కూతురు చనిపోయారు. ఆయన్ని ప్రాణాలతో బయటికి తెచ్చారు. అంత దుఃఖంలో ఉండి కూడా బిల్లు వదల్లేదు. సెనేట్‌లో యూజీన్ హేల్, ప్రతినిధుల సభలో చార్లెస్ బౌటెల్ దాన్ని ముందుకి నడిపించారు. 35 అడిగితే మూడు వచ్చాయి. అవి కూడా బోర్డు చెప్పిన ‘తక్కువ దూరం’ రకం. బొగ్గు నిండా వేస్తే సుమారు 5,000 నాటికల్ మైళ్లు వెళ్లాలి, బరువు 8,500 టన్నుల దగ్గర ఉండాలి అని చట్టంలోనే రాశారు.

ప్రశ్నార్థకం
మాస్టారూ, ఇది చదివితే నాకు ఒకటే అనిపిస్తోంది. నౌకాదళం కాంగ్రెస్‌ని మభ్యపెట్టింది. పేరు తీరరక్షణ, లోపల దాడికి పనికొచ్చే ఫిరంగులు. 1874లో మరమ్మతు పేరుతో కొత్త ఓడలు కట్టినవాళ్లు, 1890లో తీరం పేరుతో యుద్ధనౌకలు కట్టారు. ప్రజల డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు నిజం చెప్పాలి కదా. ఇదేదో గొప్ప దూరదృష్టి అన్నట్టు చరిత్రలో రాయడం నాకు నచ్చదు.

లక్ష్మీ సముద్రాల
ప్రశ్నార్థకం గారూ, 1890లో ఎవరూ చీకట్లో లేరు. అత్యంత శక్తిమంతమైన ఫిరంగులు పెట్టాలన్న మాట, బరువు, బొగ్గు, అన్నీ చట్టం కాగితం మీదే ఉన్నాయి. పాలసీ బోర్డు తక్కువ దూరం ఓడలు ఎక్కడెక్కడ తిరగాలో కూడా చెప్పింది. ఉత్తరాన సెయింట్ లారెన్స్ నది నుంచి దక్షిణాన విండ్‌వర్డ్ దీవులు, పనామా దాకా. అంటే కెనడాలో బ్రిటిష్ వాళ్ల హాలిఫాక్స్, నడిసముద్రంలో వాళ్ల బెర్ముడా, కింద కరీబియన్, అన్నీ ఆ పరిధిలోనే. ఆ రోజుల్లో అమెరికాకి తీరం అంటే న్యూయార్క్ రేవు ముఖద్వారం మాత్రమే కాదు, శత్రువు బొగ్గు నింపుకునే చోట్లు కూడా. ఓటు వేసిన సభ్యుడికి తన ఊరి భయం తీరింది, నౌకాదళానికి కావలసిన ఫిరంగులు దొరికాయి. దీన్ని నేను బేరం అంటాను, మోసం అనను.

ఇంకో సంగతి. అమెరికా నౌకాదళ అధికారి మహాన్ రాసిన సముద్రశక్తి పుస్తకం 1890 మేలో వచ్చింది, బిల్లు జూన్ ఆఖరుకి చట్టమైంది. అందుకని ఆ పుస్తకమే ఈ ఓడల్ని కట్టించిందని చాలామంది రాస్తారు. ట్రేసీ నివేదిక, బోర్డు నివేదిక రెండూ అంతకు ముందువి. మహాన్ ఆలోచనలు నౌకాదళంలో అప్పటికే తిరుగుతున్న మాట నిజం. కానీ ఓట్లు వేయించినవి బ్రెజిల్ ఓడ, ఇంగ్లండ్ స్థావరాలు, దిగుమతి సుంకాల వల్ల ఖజానాలో పోగుపడ్డ మిగులు డబ్బు.

గోదారి గట్టు
కొత్త సభ్యుడిని. మీరంతా ఫ్రీబోర్డ్ తక్కువ అని వేరే థ్రెడ్లలో రాస్తుంటారు. అంటే ఏంటండీ? ఈ మూడు ఓడల్లో అది సమస్య ఎందుకైంది?

పాత చీఫ్ ఇంజినీర్
బాబూ, నీటి మట్టం నుంచి పైడెక్కు దాకా ఉండే ఎత్తు ఫ్రీబోర్డ్. మీ కోనసీమ కాలవలో గడ్డి మోపులు నింపుకుని వెళ్లే పడవ చూసే ఉంటావు. అంచుకీ నీళ్లకీ మధ్య జానెడు ఉంటుంది, కాలవలో దానికి ఏ ఢోకా లేదు. అదే పడవని అంతర్వేది దగ్గర మొగ దాటించి సముద్రంలోకి తీసుకెళితే మొదటి కెరటానికే నిండుతుంది. ఇండియానాకి ఆ ఎత్తు 11, 12 అడుగులే. అదే కాలంలో ఇంగ్లండ్ కట్టిన రాయల్ సావరిన్‌కి 18 అడుగులు.

నేను మర్చంట్ నేవీలో ఇంజిన్ రూమ్ మనిషిని, అందుకని బరువుల లెక్క రాస్తాను. ఈ ఓడల పొడుగు 351 అడుగులు, వెడల్పు 69. అంత చిన్న పొట్టలో నాలుగు 13 అంగుళాల ఫిరంగులు పెట్టారు. ఒక్కో ఫిరంగి 60 టన్నుల పైమాట, ఒక్కో గుండు 1,100 పౌండ్లు. వాటి చుట్టూ తిరిగే టరెట్టు, దాని కింద కవచం తొడిగిన బురుజు. అవి చాలవన్నట్టు 8 అంగుళాల టరెట్లు ఇంకో నాలుగు, పై అంతస్తులో. ఇంత బరువు పైన పెట్టాక డెక్కు ఎత్తు పెంచితే ఓడ నిలకడ పోతుంది. కాబట్టి డెక్కు దించారు.

అసలు తప్పు టరెట్ల బ్యాలెన్స్‌లో జరిగింది. ఫిరంగి గొట్టాల బరువంతా ముందుకి ఉంది, దానికి సరిపడా బరువు వెనక లేదు. నాలుగు ఫిరంగుల్నీ ఒకే పక్కకి తిప్పితే ఓడ మొత్తం ఆ పక్కకి ఒరిగేది. ఒరిగితే ఏమవుతుంది? ఆ పక్క కవచం నీళ్లలో మునుగుతుంది. అవతలి పక్క కవచం లేని అడుగుభాగం పైకి తేలుతుంది. ఓడ ఒరిగింది కాబట్టి ఫిరంగి పైకి లేచే కోణం తగ్గి, గుండు దూరం పోదు. అంటే శత్రువు మీద గురిపెట్టిన క్షణంలోనే ఓడ తన రక్షణని, దెబ్బ కొట్టే దూరాన్ని పోగొట్టుకుంటోంది. తర్వాత కౌంటర్‌వెయిట్లు పెట్టారు, సగమే నయమైంది. కొత్త రకం టరెట్లు పెడదామని ఆలోచించి, పాతబడిన ఓడలకి అంత ఖర్చు దండగని మానుకున్నారు.

ఇక బిల్జ్ కీల్ లేదు. ఓడ పొట్ట కింద రెండు పక్కలా పొడుగునా ఉండే రెక్కలవి, ఓడ పక్కలకి దొర్లడాన్ని తగ్గిస్తాయి. ఎందుకు పెట్టలేదంటే, అవి ఉంటే ఓడ అమెరికాలోని చాలా డ్రై డాకుల్లో (నీళ్లు తోడేసి ఓడని రిపేరు చేసే చోట్లలో) పట్టదు. 1896లో ఇండియానా తుఫాను సముద్రంలో చిక్కింది. పెద్ద టరెట్లను కదలకుండా పట్టి ఉంచే క్లాంపులు తెగాయి. ఒక్కసారి ఊహించుకోండి. వందల టన్నుల ఉక్కు టరెట్టు, రెండు ఫిరంగులతో, ఓడ ఎటు దొర్లితే అటు తిరుగుతోంది. డెక్కు మీద నీళ్లు పారుతున్నాయి. నావికులు లావుపాటి తాళ్లు వేసి దాన్ని కట్టి ఆపారు. నేను బంగాళాఖాతంలో వదులైన కార్గో చూసిన మనిషిని. ఆ రాత్రి పనిచేసిన వాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. ఇంకా లావు క్లాంపులు వేశాక మళ్లీ గట్టి సముద్రం ఎదురైతే, కెప్టెన్ టేలర్ క్లాంపులు ఆగుతాయన్న నమ్మకం లేక ఓడని రేవుకి తిప్పేశాడు. అప్పటికి గానీ మూడింటికీ బిల్జ్ కీల్స్ రాలేదు.

ప్రశ్నార్థకం
చీఫ్ గారూ, మీరు చెప్పినదంతా నా మాటకే బలం ఇస్తోంది. కాంగ్రెస్ 8,500 టన్నులని గిరి గీసింది కాబట్టే ఓడ చిన్నదైంది, చిన్నది కాబట్టే ఇన్ని రోగాలు. తీరరక్షణ అనే మాట లేకుండా నేరుగా పెద్ద ఓడ అడిగి ఉంటే?

పాత చీఫ్ ఇంజినీర్
అడిగి ఉంటే ఒక్కటీ వచ్చేది కాదు, అది మాస్టారి పేపరు. నా పేపరు మాత్రం వేరు. డెక్కు తక్కువ కావడానికి రాజకీయం ఒక్కటే కారణం కాదు. రాయల్ సావరిన్ తరగతి 14,000 టన్నుల ఓడలు. వాటిలో ఏడింటికి ఫిరంగులు పైన మూత లేని బార్బెట్లలో, అంటే గుండ్రటి కవచం గోడల్లో పెట్టారు, బరువు తగ్గింది, డెక్కు ఎత్తుగా వచ్చింది. ఎనిమిదోది హుడ్. దానికి మూసిన బరువైన టరెట్లు పెట్టారు, డెక్కు 11 అడుగుల పైచిలుకుకి పడిపోయింది. డబ్బుకి లోటు లేని ఇంగ్లండ్‌లో, 14,000 టన్నుల ఓడలో కూడా అదే కథ. అప్పటి మూసిన టరెట్టు అంత బరువైనది మరి. 8,500 టన్నుల గిరి ఆ రోగాన్ని ముదరబెట్టింది, పుట్టించలేదు.

గిరి కూడా నిలబడలేదు. ఓడ తేలేసరికి 10,288 టన్నులైంది. మామూలు లోడు 400 టన్నుల బొగ్గు అనుకుని గీసిన ప్లాన్ ఇది. దూరం వెళ్లడానికి 1,600 టన్నులు దాకా నింపితే ఓడ కిందకి దిగి, ఆ 18 అంగుళాల కవచం దాదాపు మొత్తం నీటి కిందకి పోతుంది. అంటే రెండు ఓడలున్నట్టు లెక్క. బొగ్గు తక్కువున్నప్పుడు కవచం ఉన్న తీరనౌక. బొగ్గు నిండా ఉన్నప్పుడు దూరం పోగలిగిన, కవచం మునిగిన నౌక. చట్టంలో రెండు కోరికలు ఒకేసారి రాస్తే ఉక్కు ఇచ్చే జవాబు అది.

లెక్కల మాస్టారు
చీఫ్ గారి చివరి పేరా అందరూ రెండుసార్లు చదవాలని నా కోరిక. ‘సముద్రంలో తిరగగల’ అన్నది నౌకాదళం వాటా, ‘తీరరేఖ’ అన్నది కాంగ్రెస్ వాటా. బొగ్గు బంకర్ దగ్గర ఆ రెండూ కొట్టుకున్నాయి.

చట్టంలో ఇంకో షరతు కూడా ఉంది. మూడింటిలో ఒకటి పసిఫిక్ తీరంలోనే కట్టాలి. ఇండియానా, మసాచుసెట్స్ ఫిలడెల్ఫియాలో క్రాంప్ యార్డుకి వెళ్లాయి. ఒరెగాన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో యూనియన్ ఐరన్ వర్క్స్‌కి వెళ్లింది. కవచం, ఫిరంగులు కాకుండా ఒక్కోటి 30 లక్షల డాలర్ల పైచిలుకు. ఓట్లు ఎలా కూడాయో దీన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు. పడమటి రాష్ట్రాల సభ్యులకి యార్డు పని, పెన్సిల్వేనియా వాళ్లకి ఉక్కు. బిల్లు నడిపిన హేల్, బౌటెల్ ఇద్దరూ మెయిన్ రాష్ట్రం వాళ్లు, అది ఓడలు కట్టే సీమ.

కవచం స్వదేశంలోనే చేయాలని కాంగ్రెస్ 1886లోనే పట్టుబట్టింది. బెత్లహం కంపెనీ 1887లో కాంట్రాక్టు తీసుకుంది, కార్నెగీ 1890లో చేరాడు. కానీ ఆ మందం ప్లేట్లు చేయడం ఇక్కడ ఎవరికీ అలవాటు లేదు. ఇండియానాకి 1891 మేలో పునాది వేస్తే దళంలో చేరింది 1895 నవంబరులో. జాప్యంలో పెద్ద వాటా కవచం ప్లేట్లదే.

ముంబై మెయిల్
మన దేశంతో నేరుగా సంబంధం ఉన్న మాట ఒకటి చెప్పాలి. ఇంగ్లండ్ ఇండియానా కంటే 20 ఏళ్ల ముందే వలసల రేవులకి తీరరక్షణ ఓడలు కట్టింది. డిజైన్ ఎడ్వర్డ్ రీడ్‌ది. తక్కువ ఎత్తు డెక్కు, మధ్యలో కవచం తొడిగిన గోడలాంటి ఎత్తు భాగం, దానికి ముందొక టరెట్టు వెనకొక టరెట్టు, తెరచాపలు లేవు. మొదటిది సెర్బెరస్, ఆస్ట్రేలియాలోని విక్టోరియాకి. రెండోది మగ్దాలా, మూడోది అబిసీనియా, ఈ రెండూ బొంబాయికి. 1870లో జలప్రవేశం. నాలుగేసి 10 అంగుళాల ఫిరంగులు. మగ్దాలా 3,300 టన్నుల పైన, అబిసీనియా 2,900 టన్నులు. డబ్బు సర్దడానికి రెండోదాన్ని చిన్నగా కట్టారు.

ఆ పేర్లు చూడండి. 1868లో బ్రిటిష్ జనరల్ నేపియర్ సైన్యం బొంబాయి నుంచే అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీదికి వెళ్లి మగ్దాలా కోటని పట్టుకుంది. ఆ గెలుపు పేర్లు బొంబాయి రేవు కాపలా ఓడలకి పెట్టారు.

రాజకీయం మాటకొస్తే తేడా చాలా పెద్దది. విక్టోరియాలో ఎన్నికైన ప్రభుత్వం ఉంది. దాని మంత్రి జార్జ్ వెర్డన్ 1866లో లండన్ వెళ్లి బేరమాడాడు. సెర్బెరస్‌కి అయిన 1,25,000 పౌండ్లలో విక్టోరియా పెట్టింది 25,000, మిగతాది లండన్ ఖజానాది. బొంబాయి ఓడల ఖర్చు భారత ఖాతాలో పడింది. ఇక్కడ ఏ శాసనసభా దాన్ని చర్చించలేదు, ఏ భారతీయుడూ ఓటు వేయలేదు. అమెరికా కాంగ్రెస్‌లో మూడు ఓడల మీద అంత రభస జరిగిందని చదువుతుంటే నాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది. రభస జరగడం కూడా ఒక హక్కే. మన వాళ్లకి అది దక్కలేదు.

లక్ష్మీ సముద్రాల
మంచి మాట చెప్పారు. రభస ఎంత దూరం పోతుందో చూడాలంటే స్వీడన్ చూడాలి. 1911లో అధికారంలోకి వచ్చిన కార్ల్ స్టాఫ్ లిబరల్ ప్రభుత్వం కొత్త తీరరక్షణ నౌకని ఆపేసింది. వెంటనే దేశమంతా చందాలు మొదలై కొన్ని నెలల్లో కోటిన్నర క్రోనార్లకు పైగా పోగయ్యాయి. ప్రభుత్వం ఆ డబ్బు తీసుకోక తప్పలేదు. ఆ ఓడే స్వేరియె. 1914 ఫిబ్రవరిలో రక్షణ కోసం 30,000 మంది రైతులు స్టాక్‌హోం వచ్చారు, రాజు వాళ్ల పక్షాన ప్రసంగించాడు, స్టాఫ్ రాజీనామా చేశాడు. ఒక తీరనౌక దగ్గర మొదలైన గొడవ ప్రభుత్వాన్నే దించింది.

నిర్వాహకుడు
స్వీడన్ మీద వేరే థ్రెడ్ తెరవండి, అది చాలా పెద్ద విషయం. ఇక్కడ ఇండియానా తరగతి దగ్గరే ఉందాం. ఒరెగాన్ ప్రయాణం గురించి ఇంకా ఎవరూ రాయలేదు.

పోర్ట్‌లాండ్ పద్మజ
నేను రాస్తాను. మేం ఉండే పోర్ట్‌లాండ్‌లో నది ఒడ్డున టామ్ మెకాల్ పార్కులో ఒరెగాన్ ఓడ స్తంభం నిలబెట్టి ఉంది. అటు సైకిళ్ల మీద పోయేవాళ్లలో చాలామందికి అదేంటో తెలియదు. మా పిల్లలకి చెప్పడం కోసం చదవడం మొదలుపెట్టాను.

1898 ఫిబ్రవరిలో హవానా రేవులో మెయిన్ పేలిపోయింది. స్పెయిన్‌తో యుద్ధం తప్పదని తేలింది. ఒరెగాన్ పసిఫిక్‌లో ఉంది. పనామా కాలువ లేదు. మార్చి 19న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరి, దక్షిణ అమెరికా చివర మెజెల్లాన్ జలసంధి చుట్టి, మే 24న ఫ్లోరిడాలో జూపిటర్ ఇన్‌లెట్ దగ్గర తేలింది. 14,000 మైళ్లకు పైగా, 66 రోజులు. తీరరేఖ ఓడ అని చట్టంలో రాసిన ఓడ ఒక ఖండాన్ని చుట్టి వచ్చింది!

కెప్టెన్ చార్లెస్ క్లార్క్. కానీ నా దృష్టిలో ఆ ప్రయాణం ఇంజిన్ రూమ్‌ది. చీఫ్ ఇంజినీర్ రాబర్ట్ మిల్లిగన్ బాయిలర్లలో ఉప్పునీరు పోయడానికి ఒప్పుకోలేదు. ఉప్పు పేరుకుంటే వేగం పోతుంది, యుద్ధం రోజున అదే ప్రాణం తీస్తుంది. మంచినీళ్లు బాయిలర్లకి దాచాలంటే మనుషులు తగ్గించుకోవాలి. అందరూ ఒప్పుకున్నారు. భూమధ్యరేఖ ఎండలో గోరువెచ్చని నీళ్లే కొలతగా తాగారు. ఉన్న కాస్త మంచుగడ్డ కొలిమి దగ్గర బొగ్గు వేసేవాళ్లకి ఇచ్చారు. పెరూలో కాయావో దగ్గర బొగ్గు నింపినప్పుడు బంకర్లు చాలక డెక్కు మీద బస్తాల్లో వేసుకున్నారు. ఏప్రిల్ 16న జలసంధి మొదట్లోనే పెద్ద గాలివాన. రాత్రి, చుట్టూ రాళ్లు, అడుగు ఎంత లోతో తెలియదు. రెండు లంగర్లూ వదిలారు, అవి పట్టుకున్నాయి. ఏప్రిల్ 30న రియో చేరాకే యుద్ధం మొదలైందని తెలిసింది.

జులై 3న క్యూబాలోని శాంటియాగో రేవు నుంచి స్పెయిన్ ఓడలు బయటికి పరిగెత్తినప్పుడు, ఖర్చు తగ్గిద్దామని మిగతా అమెరికా ఓడలు కొన్ని బాయిలర్లు ఆర్పేసి ఉన్నాయి. ఒరెగాన్‌లో అన్నీ వెలుగుతున్నాయి. 16 నాట్ల ఓడ, తనకంటే వేగం ఉన్న క్రిస్టోబల్ కొలోన్‌ని వెంటాడింది. 13 అంగుళాల గుండ్లు దగ్గర దగ్గరగా పడటం మొదలయ్యాక కొలోన్ ఒడ్డుకి ఎక్కి లొంగిపోయింది.

పాత చీఫ్ ఇంజినీర్
పద్మజ అమ్మా, మిల్లిగన్ పేరు తలిచినందుకు సంతోషం. కెప్టెన్ల పేర్లే అందరూ రాస్తారు. గోరువెచ్చని నీళ్లు తాగి నాలుగు గంటలు కొలిమి ముందు నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు, మా రోజుల్లో ఆయిల్ వచ్చినా వేడి మారలేదు.

అయితే ఈ ప్రయాణాన్ని చూపించి డిజైన్ బాగుందనకండి. ఎక్కువ దూరం బొగ్గు నిండా ఉన్న ఓడ అది, కవచం నీటి కిందే. ఆ దారిలో శత్రువు టెమెరారియో అనే టార్పీడో పడవ ఎదురుపడొచ్చన్న టెన్షన్ వాళ్లకి చివరిదాకా ఉంది. ఓడని నెగ్గించింది మనుషులు.

ప్రశ్నార్థకం
ఒరెగాన్ నావికుల మీద నాకూ గౌరవమే. కానీ నా ప్రశ్న నావికుల గురించి కాదు, మంత్రుల గురించి. తీరం కాపాడతామని డబ్బు తీసుకుని, ఎనిమిదేళ్లకి ఆ ఓడలతోనే క్యూబాలో యుద్ధం చేశారు. తీరప్రాంత ప్రజలకి ఇచ్చిన మాట ఏమైంది?

లెక్కల మాస్టారు
ఆ ప్రజలు ఆ మాట అడగనే అడిగారు. 1898 వసంతంలో స్పెయిన్ అడ్మిరల్ సెర్వెరా ఓడలు అట్లాంటిక్ దాటుతున్నాయనగానే తూర్పు తీరంలో ఊరూరా కలవరం పుట్టింది. మా రేవుకి ఒక ఓడ పంపండి అంటూ సభ్యులు నౌకాదళ శాఖ మీద పడ్డారు. అంతర్యుద్ధం నాటి పాత మానిటర్లని తుప్పు దులిపి రేవుల ముందు నిలబెట్టారు. కమొడోర్ ష్లే కింద ‘ఫ్లయింగ్ స్క్వాడ్రన్’ అని ఒక దళాన్ని వర్జీనియా తీరంలోని హాంప్టన్ రోడ్స్ రేవులో ఉంచారు. అందులో మసాచుసెట్స్ కూడా ఉంది. ఉపమంత్రిగా ఉన్న థియొడోర్ రూజ్‌వెల్ట్‌కి ఈ చెల్లాచెదురు ఏమాత్రం నచ్చలేదు.

సెర్వెరా ఏ ఊరి మీదికీ రాలేదు, శాంటియాగోలో దూరాడు. ప్రతి రేవుకీ ఒక ఓడ పెట్టి ఉంటే శాంటియాగో ముందు నిలబడటానికి ఏమీ మిగిలేది కాదు. ప్రశ్నార్థకం గారి ప్రశ్నకి నా జవాబు ఇదే. తీరాన్ని కాపాడింది శాంటియాగోలో ఉన్న ఇండియానా, ఒరెగాన్‌లే. ట్రేసీ 1889లో చెప్పింది అదే, దాన్ని ఆయన దాచలేదు.

ప్రశ్నార్థకం
దాచలేదన్నది ఒప్పుకుంటాను, నివేదిక అచ్చయింది కాబట్టి. కానీ నివేదిక చదివేవాళ్లు ఎందరు, చట్టంలో రెండు పదాలు విని ఊరుకునేవాళ్లు ఎందరు? నా అభ్యంతరం అక్కడే ఉంది, అక్కడే ఉంటుంది.

గోదారి గట్టు
చాలా నేర్చుకున్నానండీ. చివరికి ఈ మూడు ఓడలూ ఏమయ్యాయి? తర్వాత ఓడల్లో ఈ లోపాలు దిద్దారా?

తీరప్రహరి
గోదారి గట్టు గారూ, 1919లో ఇండియానా పేరు తీసేసి ‘కోస్ట్ బాటిల్‌షిప్ నంబర్ 1’ అన్నారు, పేరుని కొత్త ఓడకి ఇవ్వడానికి. 1920లో బాంబు పరీక్షలకి వాడి, 1924లో తుక్కుకి అమ్మారు. మసాచుసెట్స్‌ని 1921లో ఫ్లోరిడాలో పెన్సకోలా దగ్గర ముంచి ఫిరంగుల గురికి వాడారు. ఇప్పుడది నీటి అడుగు రక్షిత స్థలం, డైవర్లు వెళ్లి చూస్తారు. ఒరెగాన్ పోర్ట్‌లాండ్‌లో మ్యూజియంగా ఉండి, రెండో ప్రపంచయుద్ధంలో ఉక్కు కోసమని 1942లో అమ్ముడైంది. పొట్ట మాత్రం గ్వాం దాకా మందుగుండు బార్జిగా వెళ్లి, 1956లో జపాన్‌లో ముక్కలైంది.

లోపాలు దిద్దారు. 1892లో అనుమతి వచ్చిన అయోవాకి ముందు డెక్కు ఒక అంతస్తు ఎత్తు పెంచారు, వేగం పెంచారు, 13కి బదులు 12 అంగుళాల ఫిరంగులు పెట్టి బరువు తగ్గించారు.

లక్ష్మీ సముద్రాల
ఓడలు మారాయి గానీ చట్టం భాష అంత త్వరగా మారలేదు. అయోవా అనుమతిలోనూ ‘తీరరేఖ’ ఉంది. 1898 మే 4న మూడు కొత్త యుద్ధనౌకలకి అనుమతి ఇచ్చినప్పుడు కూడా అదే మాట. ఆ వారం ఒరెగాన్ బ్రెజిల్ తీరంలో ఉంది. అదే చట్టంలో రేవు రక్షణకి నాలుగు కొత్త మానిటర్లు కూడా చేర్చారు. తూర్పు తీరం భయానికి దొరికినవి ఆ నాలుగే, ఆర్కన్సా తరగతి. అవి చేతికొచ్చేసరికి యుద్ధం ముగిసి నాలుగేళ్లయింది.

పాత చీఫ్ ఇంజినీర్
ఆ నాలుగింటి మీద నా దగ్గర రాయడానికి చాలా ఉంది. తర్వాతి రోజుల్లో వాటిని సబ్‌మెరైన్లకి తల్లి ఓడలుగా వాడారు, డెక్కు నీటికి దగ్గరగా ఉండటం ఆ పనికి కలిసొచ్చింది. ఆదివారం కొత్త థ్రెడ్ పెడతాను. గోదారి గట్టు, నువ్వు తప్పకుండా రావాలి.